రేడియో చెప్పని వాన

గాసి గురించి అడిగితే చింతపల్లి బజారులో తలా ఒక కథ చెబుతారు. రేడియో పిచ్చిలో పడి పెళ్లాన్ని గెడ్డపాలు చేశాడని ఒకడంటాడు. ముసలాడికి మతి చలించిందని ఇంకొకడంటాడు. టీకొట్టు బల్లమీద కూర్చుని తీర్పులు చెప్పే ఈ పెద్దమనుషుల్లో ఒక్కడు కూడా గాసి ఊరు జీలుగుపుట్టు మొహం చూసినవాడు కాదు. నేను చూశాను. మా నాన్న కాలం నుంచి మా కొట్టుకూ ఆ ఊరికీ బేటరీల సంబంధం ఉంది. కాబట్టి గాసి సంగతి చెప్పాల్సి వస్తే నేనే చెప్పాలి.

మాది విజయనగరం అవతల ఓ పల్లె. మా నాన్న ఉప్పూ కిరసనాయిలూ అమ్ముకుంటూ ఈ కొండలెక్కి, ఇక్కడే పాతుకుపోయాడు. తరవాత రేడియోలు తెచ్చాడు. ఇప్పుడు ఆ కొట్లోనే కూర్చుని నేను ఫోన్లకు రీచార్జీలు చేస్తూ, చెవులు చిల్లులు పడేలా పాటలు పాడే చైనా డబ్బాలు అమ్ముతున్నాను. బోర్డు మీద మాత్రం ఇంకా ‘ధనరాజు రేడియోస్’ అనే ఉంది. మార్పించమని మా కోడలు ఒకటే పోరు. పెయింటరు దొరకడం లేదని బొంకుతూ కాలక్షేపం చేస్తున్నాను.

జీలుగుపుట్టు వెళ్లాలంటే ఘాట్ రోడ్డు మీద జీపు దిగి, గెడ్డ అనే కొండవాగు దాటి, అక్కడి నుంచి కొండెక్కాలి. ఆ గెడ్డ మీద వంతెన లేదు. ఎన్నికలప్పుడల్లా కొబ్బరికాయ కొడతారు, ఆ తరవాత కొట్టినవాళ్లూ కనబడరు, వంతెనా కనబడదు. మామూలు రోజుల్లో మోకాలి లోతు నీళ్లే. కానీ ఇక్కడ ఎండ కాస్తూ ఉండగానే ఎగువ కొండల్లో వాన పడితే, ఒక్క ఉదుటున మనిషి ఎత్తున నీళ్లు దిగుతాయి. అందుకని సంతకు బయలుదేరే ముందు ఎగువన వాన ఉందా లేదా అన్నది ఆ ఊరివాళ్లకు ప్రాణం మీది సంగతి.

గాసి తండ్రి పేరు బుద్రు. ఆయన హయాంలో ఆ ఊరికి పంచాయతీ రేడియో వచ్చింది. ఇప్పటివాళ్లకు రేడియో అంటే జేబులో పట్టే వస్తువు. అది అలాంటిది కాదు. బియ్యం డబ్బా అంత ఇనప పెట్టె, దాని లోపల గాజు వాల్వులు, పక్కన రెండు ఇటుకల బరువున్న బేటరీ. ఒకడు పెట్టెను, ఇంకొకడు బేటరీని మోసి కొండెక్కించారు. రెండు వెదురు గడల మధ్య రాగి తీగ లాగి కట్టారు, ఇంకో తీగను తడి నేలలో పాతారు. స్టేషను మార్చే మర లోపలే బిగించి పెట్టెకు తాళం వేశారు. వచ్చేది ఒక్కటే స్టేషను. తాళంచెవి బుద్రు మొలతాడుకు వేలాడుతూ ఉండేది.

సాయంత్రమయ్యేసరికి ఊరు ఊరంతా ఆ పెట్టె ముందు కూర్చునేది. ఇళ్లలో వాళ్లది కొండభాష. పెట్టెలోంచి వచ్చే తెలుగు వాళ్లకు సగానికి సగం అర్థమయ్యేది కాదు. అయినా వినేవారు. ఎవరికి ఏ మాట తెలిస్తే ఆ మాట పక్కవాళ్లకు చెప్పేవారు. అందరూ కలిసి వినేవారు కాబట్టి ఒకడు తప్పు వింటే ఇంకొకడు దిద్దేవాడు. అలా దిద్దడానికి ఎవరూ లేకుండా పోవడం వల్లే తరవాత జరిగిందంతా జరిగిందని నా నమ్మకం.

ఆ పెట్టె బాగానే పనిచేసింది. దానికి జబ్బేమీ చెయ్యలేదు. లోకంలో వాల్వులు చెయ్యడం మానేశారు, అంతే. ఒక వాల్వు మాడిపోతే మా నాన్న విశాఖపట్నం దాకా వెతికి ఉత్త చేతులతో వచ్చాడు. ఆ ఇనప పెట్టెను బుద్రు ఇంటి వెనక పడేశారు. కోడిపెట్టలు అందులో గుడ్లు పెట్టుకున్నాయి. గడల మీది రాగి తీగను తెంపి కుందేళ్లకు ఉచ్చులు పన్నుకున్నారు. బుద్రు ఆ దిగులుతోనే పోయాడని మా నాన్న అనేవాడు. మా నాన్నకు ప్రతిదానికీ దిగులు అంటగట్టడం అలవాటు గానీ, ఆ మాట పూర్తిగా అబద్ధం కాదేమో.

గాసి తన తండ్రి పోయిన ఏడాదే మా కొట్లో ట్రాన్సిస్టరు కొన్నాడు. తోలు సంచీ, భుజాన వేసుకునే పట్టీ, నాలుగు సెల్లులు. దాన్ని భుజాన వేసుకుని పెళ్లికొడుకులా కొండెక్కి పోయాడు. తీరా ఊళ్లోకి వెళ్లాక అది గుర్రుమనడం తప్ప మాట్లాడలేదు. ఊరేమో గుంటలో ఉంది, నాలుగు వైపులా కొండ. వాళ్ల నాన్న పెట్టెకు అంత పొడుగు తీగ ఎందుకు కట్టారో అప్పుడు తెలిసొచ్చింది. గాసి దాన్ని పట్టుకుని ఊరి పైనున్న నల్లబండ మీదకు ఎక్కితే అక్కడ స్పష్టంగా పలికింది.

ఆ రోజు నుంచి గాసి ఒక్కడే బండెక్కి వినడం, కిందికి దిగి ఊరికి చెప్పడం మొదలైంది. మొదట్లో కుర్రాళ్లు సరదాకి వెంట వెళ్లేవారు. పొద్దున్నుంచీ పోడు చేల్లో నడుం విరిగేలా పనిచేసి వచ్చినవాడికి మళ్లీ బండెక్కే ఓపిక ఎన్నాళ్లుంటుంది? పైగా అటువైపు ఎలుగుబంట్ల తిరుగుడు ఉంది. గాసి ఎలాగూ చెబుతాడు కదా అని ఊరుకున్నారు.

అందులోంచే ఒక ఆనవాయితీ పుట్టింది. సంతకు ముందు రోజు సాయంత్రం ఎవరి తట్టలు వాళ్లు తెచ్చి గాసి వాకిట్లో వరసగా పెట్టేవారు. పసుపు కాలంలో పసుపు, మిరియాల కాలంలో మిరియాలు, అడ్డాకుల కట్టలు, సీతాఫలాలు. గాసి వచ్చి రేడియో చెప్పింది చెప్పేవాడు. వాన లేదంటే తట్టలు అక్కడే ఉండేవి, తెల్లవారి ఎత్తుకుని గెడ్డ దాటేవారు. వాన ఉందంటే ఎవరి తట్ట వాళ్లు చప్పుడు చెయ్యకుండా ఇంటికి తీసుకుపోయేవారు. ఎందుకు, ఏమిటి అని అడిగినవాడు లేడు.

చెప్పేది కూడా తన మాటల్లో చెప్పేవాడు కాదు. గాసికి అక్షరం ముక్క రాదు. కానీ వాకిట్లో నిలబడి, “రాగల ఇరవై నాలుగు గంటలలో ఉత్తర కోస్తాలో అక్కడక్కడ ఓ మోస్తరు నుంచి భారీ వర్షాలు కురిసే అవకాశం ఉంది” అని పొల్లు పోకుండా అప్పజెప్పేవాడు. ఆ గొంతు, ఆ విరుపు అన్నీ రేడియోవే. ఒకసారి మా కొట్లో చెప్పించుకుని నేను పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. ఆయనకు కోపం వచ్చింది. “నవ్వుతావేటి సావుకారూ. ఈ మాట మీద జనం గెడ్డ దాటతారు” అన్నాడు.

ఆయన భార్య యర్రమ్మ. మాట తక్కువ మనిషి. సంతలో ఆవిడ ఎదురుగా కూర్చుని బేరమాడాలంటే షావుకార్లు ఇబ్బంది పడేవారు, ధర నచ్చకపోతే ఏమీ అనకుండా అలా చూస్తూ ఉండేది. పిల్లలు లేరు. గాసి బండ మీద నుంచి దిగేసరికి గుమ్మంలో కూర్చుని ఉండేదట. ఊరంతా ఆయన్ని రేడియో గాసి అనేవారు. ఆవిడ్ని రేడియో యర్రమ్మ అంటే మాత్రం ఊరుకునేది కాదు.

మూడేళ్ల క్రితం వానల ముందు గాసి నా కొట్టుకొచ్చి రేడియో బల్ల మీద పెట్టాడు. “పలకడం నేదు. ఏటయిందో సూడు” అన్నాడు. సెల్లులు మార్చి చూశాను. విప్పి చూశాను. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. ముల్లు తిప్పితే రావలసిన చోట సముద్రం హోరులాంటి చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు గుర్తొచ్చింది, పేపర్లో చూశాను. ఆ స్టేషను పాత ట్రాన్స్‌మిటరును ఆపేశారు.

“రేడియోకి రోగం లేదు గాసీ. మాట్లాడేవాళ్లే లేరు” అన్నాను.

“సచ్చిపోనారా?”

“చచ్చిపోలేదు. ఎఫ్ఎమ్‌లోకి వెళ్లిపోయారు. ఫోన్లో కూడా వస్తుందట.”

“ఆ ఎఫ్ఎమ్ మా బండ మీదకి వొస్తాదా?”

రాదు. పాత తరంగం కొండల్ని పట్టుకుని పాకుతూ అయినా వచ్చేది. కొత్తది సూటిగా పోతుంది, కొండ అడ్డొస్తే అక్కడితో సరి. ఎంత తియ్యగా వినబడితే ఏం లాభం, వినబడే చోటే వినబడుతుంది. పట్నంలో కూర్చుని ఈ ఏర్పాటు చేసినవాళ్లకు జీలుగుపుట్టు అనే ఊరు ఉందని తెలుసో లేదో. ఫోను కొనుక్కోమని చెప్పబోయి ఊరుకున్నాను. ఆ ఊళ్లో సిగ్నలు లేదు. కుర్రాళ్లు ఫోన్లు కొని పాటలు ఎక్కించుకుని వింటారు, అంతే.

“మరి మా వాన సంగతి ఎవులు సెప్తారు?” అన్నాడు గాసి.

నాకు విసుగొచ్చింది. “నన్నడిగితే నేనేం చెప్పను? నేను ఆపానా?” అన్నాను. ఆయన రేడియోను సంచీలో పెట్టుకుని, “నాలుగు సెల్లులియ్యి” అన్నాడు. పలకని రేడియోకు సెల్లులెందుకన్నాను. “అలవాటు” అన్నాడు. ఆ తరవాత కూడా సెల్లులు కొంటూనే ఉన్నాడు. ముసలితనం, మమకారం చావక కొంటున్నాడు కాబోలు అనుకున్నాను. అంతకంటే నాకు తట్టలేదు.

ఆయన ఏం చేశాడో ఇప్పుడు చెబుతాను. ఇది ఆయనే తరవాత నాతో చెప్పాడు. ఆ సాయంత్రం రేడియో మూగబోయిందని ఊళ్లో చెప్పాలనే కొండెక్కాడు. వాకిట్లో తట్టలు వరసగా పెట్టి ఉన్నాయి. అందరూ ఆయన నోటి వంక చూస్తున్నారు. ఆయనకు నోరు రాలేదు. బండెక్కి, ఆ హోరు కాసేపు విని, మబ్బు చూసి, చీమల బారు చూసి, ఎగువ నుంచి వచ్చే గాలి వాసన చూసి కిందికి దిగాడు. “ఉత్తర కోస్తాలో వాతావరణం పొడిగా ఉంటుంది” అని రేడియో గొంతుతో చెప్పేశాడు. మర్నాడు వాన పడలేదు. మరుసటి సంతకు కూడా అలాగే చెప్పాడు.

రెండేళ్లు అలా నడిచింది. కొండల్లో పుట్టి పెరిగినవాడు, మబ్బు చదవడం రాకేం. పైగా భయంతో చెప్పేవాడు కదా, ఏ మాత్రం అనుమానం ఉన్నా వాన అనేసేవాడు. సంతలు తప్పేవి గానీ ప్రాణాలు పోలేదు. జనం గెడ్డ దాటి వెనక్కి వచ్చేదాకా ఆ రోజు మెతుకు ముట్టేవాడు కాదు. ఈ సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. యర్రమ్మకు కూడా తెలియదనుకున్నాడు. బండ మీదికి ఒక్కడే వెళతాడు, ఒక్కడే వస్తాడు, ఎలా తెలుస్తుంది?

కిందటేడు సీతాఫలాల కాలంలో వరసగా రెండు సంతలు వాన అన్నాడు. రెండుసార్లూ చినుకు రాలలేదు. పళ్లు తట్టల్లోనే మగ్గి, పగిలి, ఈగలు ముసిరాయి. ఇళ్లల్లో ఉప్పు అయిపోయింది. మొదటిసారిగా జనం సణిగారు. మూడో సంతకు ముందు సాయంత్రం గాసి బండ దిగేసరికి వాకిట్లో సాయినాథ్ ఉన్నాడు. ఇతను ఆ ఊరివాడే, ఘాట్ రోడ్డు మీద షేరు జీపు నడుపుతాడు, కింద సిగ్నలు దొరికే చోట తిరిగేవాడు. ఆ తరవాతి సంగతులు నాకు అతనే చెప్పాడు.

“పెద్దయ్యా, కింద నాను ఫోన్లో సూసినాను. ఒడిశా వైపు గట్టివాన అంటన్నాది. రేపు ఎల్లొద్దు” అన్నాడట సాయినాథ్.

సాయినాథ్ ఆ మాట అనకపోయి ఉంటే గాసే వాన అనేవాడు. ఆయనకూ మబ్బు నచ్చలేదు. కానీ నలుగురి ముందు, ఆయన వాకిట్లో, ఆయన నోరు తెరవకముందే ఇంకొకడు వాన సంగతి చెప్పాడు. అటు చూస్తే కుళ్లుతున్న పళ్లు, సణుగుతున్న జనం. అప్పుడాయనకు పంతం వచ్చింది. మనిషికి పంతం రాకూడని చోటే వస్తుంది.

“నీ ఫోను సెప్తే సెప్పింది. రేడియో అలాగ అన్నేదు” అన్నాడు. అని, నిటారుగా నిలబడి, పొడి వాతావరణం అప్పజెప్పాడు. ఎవరూ తట్టలు తీసుకుపోలేదు.

తెల్లవారి అందరూ వాకిట్లోకి వచ్చారు. ఊరి మీద ఎండ పడుతోంది గానీ ఎగువన ఆకాశం కమిలినట్టు ఉంది. సాయినాథ్ మాట అందరి మనసులో ఉంది, గాసి ఎదురుగా ఉన్నాడు. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటున్నారు తప్ప ఒక్కరూ ముందుకు రాలేదు. యర్రమ్మ ఇంట్లోంచి బయటికి వచ్చి, చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని, తన తట్ట తానే ఎత్తుకుంది. “పదండి. పళ్లు కుళ్లిపోతన్నాయి” అంది. రేడియో గాసి పెళ్లామే కదిలాక ఇంక అనుమానమేముంది? అందరూ తట్టలెత్తుకుని ఆవిడ వెనక నడిచారు.

గెడ్డలో నీళ్లు పిక్కల దాకా ఉన్నాయి. యర్రమ్మ అందరికంటే ముందు దిగింది. మధ్యకు వెళ్లేసరికి ఎగువ నుంచి చప్పుడొచ్చింది. ఒడ్డున ఉన్నవాళ్లు, అప్పుడే కాళ్లు తడిసినవాళ్లు వెనక్కి గెంతారు. ఆవిడ ఇటు తిరిగి చూసిందని సాయినాథ్ అన్నాడు. మర్నాడు కింద వంపులో వెదురు దుబ్బులో చిక్కుకుని శవమై కనిపించింది.

ఈ కబురు నాకు జీపువాళ్ల ద్వారా తెలిసింది. వెళదామనుకుంటూ ఉండగానే గాసే వచ్చాడు. కొట్లో ఫోన్లు చూపించుకుంటున్న కుర్రాళ్లను తోసుకుని లోపలికి వచ్చి నేల మీద కూలబడ్డాడు. అంత చిక్కిపోయిన మనిషిని నేను గుర్తుపట్టడానికి క్షణం పట్టింది.

“సావుకారూ, నువ్వొకపాలి మా ఊరు రావాల. దినంనాడు అందరూ ఉంటారు. స్టేసను ఆపీసినారని నువ్వు సెప్పాల” అన్నాడు.

ఎందుకని అడిగాను. అప్పుడు మొత్తం చెప్పాడు. ఊరు ఆయన్ని ఒక్క మాట అనలేదట. రేడియో అబద్ధమాడింది అన్నారట. దానిలో ఏదో దూరిందని, అదే రెండు సంతలు వాన అని, మూడోసారి లేదని చెప్పి మనిషిని తీసుకుపోయిందని ఊళ్లో దయ్యాల్ని పట్టి చూసే గురువు చెప్పాడట. దాన్ని గెడ్డలో పారెయ్యాలని నిర్ణయించారట. ఈయన అందరి కాళ్లూ పట్టుకుని, రేడియో ఏమీ అనలేదు, నేనే అన్నాను అని చెప్పాడు. ఏడుపులో ఏదో అంటున్నాడని వాళ్లు ఊరుకోబెట్టారు. పూటకొక ఇంటి నుంచి చోడి అంబలి తెచ్చి పోస్తున్నారు.

“ఆ అంబలి గొంతు దిగడం నేదు సావుకారూ. నా మాట నమ్మడం నేదు. నువ్వు సెప్తే నమ్ముతారు.”

నాకు కోపమొచ్చింది. ఆయన మీదో, ఆ స్టేషను మీదో, నా మీదో నాకే తెలియదు. “ఊరు నిన్ను ఏమీ అనడం లేదు కదా. ఎందుకు కొరివితో తల గోక్కుంటావు? పోయిన మనిషి ఎలాగూ తిరిగి రాదు. నోరు మూసుకుని బతుకు” అని కసిరాను. ఆయన లేవలేదు. నేను కొట్టు కట్టేసేదాకా అలాగే కూర్చున్నాడు. చివరికి వస్తానన్నాను.

దినంనాడు సాయినాథ్ జీపులో వెళ్లి, అతని చెయ్యి పట్టుకుని గెడ్డ దాటాను. నీళ్లు మోకాలికి కూడా లేవు. ఈ నీళ్లలోనా మనిషి కొట్టుకుపోయింది అనిపించింది. కొండెక్కేసరికి నా ఆయాసం నాకే వినబడుతోంది. గాసి వాకిట్లో ఊరంతా కూర్చుని ఉంది. మధ్యలో గోనెపట్టా మీద ఆ రేడియో పెట్టారు, పారెయ్యడానికి. ఊరిపెద్ద పండన్న నాకు పీట వేయించాడు.

నేను చెప్పాను. రెండేళ్ల కిందటే ఆ స్టేషను ఆగిపోయిందని, ఆ సంగతి గాసికి నేనే చెప్పానని, ఆ తరవాత ఈ రేడియో ఒక్క మాట కూడా పలికి ఉండదని చెప్పాను. నమ్మకం కోసం దాన్ని అందుకుని తిప్పి వినిపించాను. సెల్లులు కొత్తవే. హోరు తప్ప ఏమీ రాలేదు.

“అయితే రెండేళ్లు మాకు వాన సెప్పిందెవులు?” అన్నాడు పండన్న.

“నానే” అన్నాడు గాసి. లేచి నిలబడ్డాడు. ఆ గొంతులో బతిమాలడం తప్ప ఇంకేమీ లేదు. “నానే సెప్పినాను. రేడియో అన్నట్టు సెప్పినాను. మీరు తట్టలట్టుకుని నిలబడితే నేదని సెప్పడానికి నాకు నోరు రానేదు. యర్రమ్మనీ అలాగే మోసం సేసినాను. నా మాట నమ్మి ఎల్లిపోయింది. కొట్టండి. తిట్టండి. అంబలి మాత్రం తేకండి.”

నాకు అక్కడి నుంచి లేచి పారిపోవాలనిపించింది.

ఆడవాళ్ల మధ్య నుంచి గంగ లేచింది. గంగ యర్రమ్మకు సొంత చెల్లెలు, ఆ ఊరికే కోడలుగా వచ్చింది. ఏడ్చి ఏడ్చి ఆవిడ గొంతు బొంగురుపోయింది.

“అప్పను నువ్వు మోసం సేయనేదు బావా. అప్పకి తెలుసు” అంది.

గాసి ఆవిడ వంక అర్థంకానట్టు చూశాడు.

“రేడియో ఇన్న రోజు నువ్వు బండ దిగినోడివి ఎవులితోటీ మాటాడవు. నీళ్లిస్తే అందుకోవు. ఆ మాటలు ఎక్కడ మర్సిపోతావో అని పెదాలు కదుపుకుంటూ తిన్నగా వొచ్చి వాకిట్లో సెప్పేస్తావు. అప్పుడు గానీ కాళ్లు కడగవు. రెండేళ్ల కిందట వొక దినం నువ్వు దిగొచ్చి కాళ్లు కడుక్కున్నావు. నీళ్లు అడిగి తాగినావు. అప్పుడు సెప్పినావు. రేడియో మాటలు కావని అప్ప ఆవేళే పోల్సుకుంది. నాకు ఒక్కదానికే సెప్పింది. ఎవులితోటీ అనొద్దని నా సేత ఒట్టేయించుకుంది.”

“తెలిసి…” అని గాసి ఆగిపోయాడు. సాయినాథ్ వెళ్లి ఆయన్ని పట్టుకున్నాడు. “తెలిసి ఎందుకెల్లింది?”

గంగ కొంగుతో మొహం తుడుచుకుంది.

“నీ మాట మీద ఎవులూ తట్ట ఎత్తనేదు బావా” అంది. “నువ్వు నిలబడి సూస్తన్నావు.”